ముంగిలి దాటవలసిన శుభ్రత

ధనుర్మాసంలో తెల్లవారుజామున కోట వీధుల్లో నడిచేవారికి కనులపండువైన దృశ్యం ఎదురవుతుంది. ప్రతి వాకిటా కల్లాపి చల్లి ఉంటుంది. తడి ఆరని నేల మీద చుక్కల ముగ్గులు, వాటి నడుమ గొబ్బెమ్మలు, గొబ్బెమ్మల తలపై గుమ్మడిపూలు కొలువుతీరి ఉంటాయి. ఎదురింటి ముగ్గు కంటె తమ ముగ్గు ఒక వరుస ఎక్కువగా ఉండాలని ఇల్లాలు తాపత్రయపడుతుంది. పక్కింటి పిల్ల వేసిన రథం ముగ్గును చూసివచ్చి మనవరాలు తన ముగ్గును చెరిపి మళ్లీ వేస్తుంది. ఈ పోటీని ఎవరూ ప్రకటించలేదు. దీనికి బహుమతీ లేదు. అయినా ఆ నెల రోజులూ ఊరిలోని ముంగిళ్లన్నీ అద్దంలా మెరుస్తాయి.

అయితే ఆ ముంగిలిని ఊడ్చిన చెత్త ఎక్కడికి పోతున్నది? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు దృశ్యం మారిపోతుంది. కొంత చెత్త ఇంటి ముందరి కాలువలోకి జారుతుంది. కొంత వీధి మలుపులోని ఖాళీస్థలంలో కుప్ప పడుతుంది. మరికొంత చెరువుగట్టుకో, వాగు ఒడ్డుకో చేరుతుంది. తన గడప లోపలి శుభ్రత పట్ల ఇంత శ్రద్ధ చూపే సమాజం, గడప దాటిన వెంటనే ఆ శ్రద్ధను ఎందుకు వదులుకుంటున్నది? పట్టణాల మధ్య, పల్లెల మధ్య పరిశుభ్రత పోటీలు నిర్వహించడం ఈ జాడ్యానికి మందు కాగలదా? ఈ కాలపు విద్యార్థులు ఆలోచించవలసిన విషయమిది.

పూర్వం ఈ అలవాటు వల్ల ఇంత కీడు జరగలేదు. అప్పటివారు మరింత క్రమశిక్షణ గలవారన్నది అందుకు కారణం కాదు. అప్పటి చెత్త స్వభావమే వేరు. ఇంట్లో మిగిలినవి కూరగాయల తొక్కలు, పొయ్యి బూడిద, పశువుల పేడ, విస్తరాకులు, పగిలిన మట్టికుండలు. ఇవన్నీ పెరటిలోని పెంటదిబ్బకు చేరేవి. వేసవిలో రైతు ఆ దిబ్బను బండికెత్తి పొలానికి తోలుకుపోయేవాడు. ఇంటి చెత్త చేనికి ఎరువయ్యేది. చేని పంట తిరిగి ఇంటికి వచ్చేది. ఈ చక్రంలో వ్యర్థమన్న మాటకు చోటే లేదు. గత నాలుగు దశాబ్దాలలో ప్లాస్టిక్ సంచి, పాల ప్యాకెట్టు, షాంపూ పొట్లం, థర్మోకోల్ పళ్లెం, వాడి పారేసిన బ్యాటరీ వచ్చి ఆ చక్రాన్ని విరిచేశాయి. ఇవి కుళ్లవు, కాల్చితే విషవాయువులవుతాయి, పూడ్చితే నేలలోకి నీరు ఇంకనివ్వవు. చెత్త మారింది గాని, చెత్తను విసిరే చేయి మారలేదు. నేటి సంక్షోభానికి మూలం ఇదే.

కోట వంటి ఊరికి ఈ సంక్షోభం మరీ దగ్గరిది. గూడూరుకు తూర్పుగా, సముద్రానికి చేరువలో ఉన్న పల్లపు సీమ ఇది. చుట్టూ వరిపొలాలు, రొయ్యల గుంటలు, తీరం వెంట మత్స్యకారుల పల్లెలు ఉన్నాయి. ప్రాచీనులు సువర్ణముఖరి అని పిలిచిన స్వర్ణముఖి నది చంద్రగిరి ప్రాంతపు కొండల్లో పుట్టి, తిరుపతి అంచులను, శ్రీకాళహస్తిని తాకి, నాయుడుపేట మీదుగా ప్రవహించి ఈ ప్రాంతంలోనే బంగాళాఖాతంలో కలుస్తుంది. ఎగువ ఊళ్లు నదిలో విడిచినదంతా చివరకు దిగువ ఊళ్ల వాకిట్లోకే వస్తుంది. ఈ ప్రాంతానికి ప్రధానమైన వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అల్పపీడనాలు ఒకదాని వెనుక ఒకటి తరుముకొస్తాయి. 2015 నవంబరులోను, 2021 నవంబరులోను కురిసిన కుండపోత వానలను ఈ సీమ ప్రజలు ఇంకా మరచిపోలేదు. అటువంటి వేళ కాలువలో ఇరుక్కున్న నాలుగు ప్లాస్టిక్ సంచులు ఒక వీధిని ముంచడానికి చాలు. వాన వెలిసిన తరువాత నిలిచిన నీటిలో దోమలు పెరుగుతాయి. ఆ వెనుకనే డెంగీ, మలేరియా జ్వరాలు వస్తాయి. కాబట్టి ఇక్కడ పరిశుభ్రత అందచందాలకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. అది ప్రాణాలకు సంబంధించిన విషయం.

దీనిని అరికట్టడానికి చట్టాలు లేవా అంటే ఉన్నాయి. పట్టణాల ఘనవ్యర్థాల నిర్వహణకు కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలోనే నియమాలు రూపొందించింది. 2016లో వచ్చిన కొత్త నియమాలు తడి చెత్తను, పొడి చెత్తను, ప్రమాదకరమైన గృహవ్యర్థాలను ఇంటివద్దనే వేరుచేయాలని ఆదేశించాయి. ఒకసారి వాడి పారవేసే పలు ప్లాస్టిక్ వస్తువులపై 2022 జులై 1 నుంచి దేశవ్యాప్తంగా నిషేధం అమలులోకి వచ్చింది. అయినా ఏ సంతలో చూసినా పలుచని సంచులు వేలాడుతూనే ఉంటాయి. చట్టం భయాన్ని కలిగించగలదు గాని ఇష్టాన్ని కలిగించలేదు. ప్రతి గడప దగ్గరా ఒక భటుణ్ణి నిలబెట్టడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. భయం పనిచేయని చోట అభిమానం పనిచేయవచ్చునన్న ఆలోచన నుంచే పరిశుభ్రత పోటీలు పుట్టాయి.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఐర్లండు దేశంలో 1958లో ‘టైడీ టౌన్స్’ అనే పోటీ ప్రారంభమై నేటికీ కొనసాగుతున్నది. అందులో ఒక విశేషముంది. న్యాయనిర్ణేతలు ముందుగా చెప్పకుండా ఊరిని చూసిపోతారు. తరువాత గెలిచిన ఊరికే గాక, పాల్గొన్న ప్రతి ఊరికీ ఒక నివేదిక పంపుతారు. ఏది బాగుంది, ఏది బాగులేదు, ఇంకా ఏం చేయాలి అన్న వివరాలు అందులో ఉంటాయి. ఓడిన ఊరు కూడ ఉత్తచేతులతో మిగలదు. మరుసటి సంవత్సరం చేయవలసిన పని దాని చేతిలో ఉంటుంది.

మన దేశంలో ఈ బాటను ముందుగా తీర్చినది మహారాష్ట్ర. గాడ్గే బాబా (1876–1956) అనే సాధువు చేత చీపురు పట్టుకొని ఊరూరా తిరిగేవాడు. ఏ ఊరిలో అడుగు పెట్టినా ముందుగా ఆ ఊరి వీధులు ఊడ్చి, రాత్రి కీర్తనలు చెప్పి జనానికి బుద్ధులు గరిపేవాడు. ఆయన పేరిట ఆ రాష్ట్రం 2000–01లో గ్రామ పరిశుభ్రత పోటీలను ప్రారంభించింది. ఆ తరువాత 2003లో కేంద్ర ప్రభుత్వం ‘నిర్మల్ గ్రామ పురస్కారం’ ప్రకటించింది. 2016లో 73 నగరాలతో ‘స్వచ్ఛ సర్వేక్షణ్’ మొదలైంది. ఆ ఏడు మైసూరు మొదటి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడు 434 పట్టణాలు పోటీపడగా ఇండోర్ ప్రథమస్థానం పొందింది. ఆ ఏడు విశాఖపట్నానికి మూడవ స్థానం, తిరుపతికి తొమ్మిదవ స్థానం లభించాయి. 2020లో విజయవాడ నాలుగవ స్థానానికి, 2021లో మూడవ స్థానానికి ఎదిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సైతం 2025లో ‘స్వచ్ఛాంధ్ర’ పురస్కారాలను ప్రవేశపెట్టింది.

పోటీ వల్ల కలిగిన మేలును తక్కువచేసి చూడరాదు. అంతకుముందు పురపాలక సమావేశాలలో చెత్త అన్నది చివరి అంశం. ర్యాంకులు పత్రికలలో పడటం మొదలైన తరువాత అది ముందువరుసకు వచ్చింది. ఏ ఇంటి నుంచి చెత్త సేకరిస్తున్నారు, ఎంత చెత్త ఎరువుగా మారుతున్నది, ఎంత గుట్టకు చేరుతున్నదన్న లెక్కలు పుట్టాయి. లెక్కలేని పనికి మెరుగు ఉండదు. ఇండోర్ నగరం ఇంటింటి నుంచి చెత్తను వేరువేరుగా సేకరించి, ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తగుట్టను తవ్వి తొలగించింది. తడి చెత్త నుంచి వాయు ఇంధనాన్ని తయారుచేసే పెద్ద కర్మాగారం 2022లో అక్కడ ప్రారంభమైంది. 2017 నుంచి 2023 వరకు వరుసగా ఏడుసార్లు ఆ నగరం ప్రథమస్థానంలో నిలవడం వెనుక ఇంత శ్రమ ఉంది.

కాని నాణేనికి రెండవ వైపు కూడ చూడాలి. అదే ఇండోర్‌లో 2025 డిసెంబరు చివరి రోజుల్లో భగీరథపుర ప్రాంతంలో తాగునీటిలో మురుగునీరు కలిసి పలువురు ప్రాణాలు కోల్పోయారు. నేలపైన వీధులు మెరిసిపోతున్నా నేల కింద గొట్టంలో విషం ప్రవహించింది. ఏడు పతకాలు గెలిచిన నగరానికే ఈ గతి పట్టినప్పుడు ర్యాంకు వేరు, ఆరోగ్యం వేరు అన్న సత్యం బోధపడుతుంది. నిర్మల్ గ్రామ పురస్కారం కథ కూడ ఇటువంటిదే. తొలి సంవత్సరంలో పదుల సంఖ్యలో ఉన్న విజేతలు కొద్ది సంవత్సరాలలోనే వేలకు పెరిగారు. పురస్కారం చేతికందిన తరువాత అనేక గ్రామాలలో మరుగుదొడ్లు సామాన్ల గదులయ్యాయి. జనం మళ్లీ బయటికి వెళ్లసాగారు. పరిశీలకులు వచ్చే వారంలో గోడలకు రంగులు పూయడం, వెళ్లిన మరునాడు చీపుర్లను మూలకు చేర్చడం చాలా ఊళ్ల అనుభవమే. పెళ్లిచూపుల నాటి అలంకారం కాపురానికి సరిపోదు కదా!

స్వచ్ఛ సర్వేక్షణ్ రాకముందే తెలుగునాట ఒక పట్టణం దారి చూపింది. నాటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట సుమారు లక్ష జనాభా గల పట్టణం. 2003 ప్రాంతంలో అక్కడి పురపాలక కమిషనరు ఖాదర్ సాహెబ్ వీధుల్లోని చెత్తకుండీలను తొలగించాడు. కుండీ ఉన్నచోటనే చుట్టూ చెత్త పేరుకుంటుందన్నది ఆయన గ్రహించిన రహస్యం. కుండీకి బదులు ఇంటి ముందుకే బండి వచ్చింది. తడి చెత్త వానపాముల ఎరువుగా మారింది. పొడి చెత్త అమ్ముడుపోయింది. ప్రత్యేక నిధుల కోసం ఎదురుచూడకుండా ఉన్న సిబ్బందితోనే ఈ పని జరగడం గమనింపదగినది. విజయనగరం ప్రాంతంలోని బొబ్బిలి కూడ చెత్త నుంచి ఎరువు తయారుచేసి ఇతర పట్టణాలు వచ్చి చూసిపోయే స్థితికి ఎదిగింది. ఈ ఊళ్లలో ముందుగా పని జరిగింది. కీర్తి దాని వెనుక వచ్చింది. పోటీలలో చాలాసార్లు ఈ వరుస తలకిందులవుతుంది.

అలాగని పోటీని కాదనవలసిన పనిలేదు. పోటీ ఏ స్థాయిలో ఉండాలి, దేనిని కొలవాలి అన్నవే అసలైన ప్రశ్నలు. జాతీయస్థాయి సర్వేక్షణ నగరాలకు, పురపాలక పట్టణాలకు ఉద్దేశించినది. గ్రామీణ సర్వేక్షణలో ప్రధానంగా రాష్ట్రాలకు, జిల్లాలకు స్థానాలు లభిస్తాయి. కోట వంటి మండల కేంద్రం ఈ రెండింటి నడుమ జారిపోతుంది. అది పాలనలో పంచాయతీ. అంగళ్లు, హోటళ్లు, ఆసుపత్రులు, బస్సుల రాకపోకలు గల బజారు కాబట్టి చెత్తలో మాత్రం పట్టణం. అదే మండలంలోని విద్యానగర్‌లో వందలాది విద్యార్థులు చదువుకొనే కళాశాలలున్నాయి. జిల్లాకు వచ్చిన ర్యాంకు చూసి కోట బజారులోని కొట్టు యజమాని గర్వపడడు, సిగ్గూపడడు. ఆ ర్యాంకులో తన వీధి అతనికి కనిపించదు. ముగ్గుల పోటీ ఫలించడానికి కారణం పోటీదారు ఎదురింటిలోనే ఉండటం. పరిశుభ్రత పోటీ కూడ అంత దగ్గరకు రావాలి. వీధికీ వీధికీ, పల్లెకూ పల్లెకూ, చివరకు బడికీ బడికీ మధ్య జరగాలి.

అటువంటి పోటీకి కొన్ని నియమాలు అవసరం. పరిశీలన ఏడాది పొడవునా, చెప్పకుండా జరగాలి. పండుగనాటి వీధిని గాక, పండుగ మరునాటి వీధిని చూడాలి. బజారు ముఖద్వారాన్ని వదిలి పెరటివైపు చూడాలి. చేపల అంగడి వెనుక సందు, కాలువ చివరి మలుపు, చెరువుగట్టు, నది ఒడ్డు ఊరి అసలు ముఖాన్ని చూపుతాయి. మార్కులు వీధి తళతళలకు కాక, గుట్టకు చేరే చెత్త ఎంత తగ్గిందన్న దానికి వేయాలి. ఒక ఊరి చెత్తను ఊరవతల కాలువలో పోసి మొదటి బహుమతి పొందడం పొరుగూరిని ఓడించడం కాదు, పొరుగూరిని మోసగించడం. దిగువ ఊరి మాట వినకుండా ఎగువ ఊరికి బహుమతి ఇవ్వరాదు.

మరొక నియమం న్యాయానికి సంబంధించినది. సిమెంటు రోడ్డు, పక్కా కాలువలు గల వీధి ఒక వైపు, మట్టిబాట తప్ప మరేమీ లేని కాలనీ ఒక వైపు నిలబడితే అది పోటీ కాజాలదు. అందుచేత ప్రతి వీధీ ముందుగా తన నిన్నటి స్థితితోనే పోటీపడాలి. నిరుటి కంటె ఎంత మెరుగైందన్నదే గెలుపునకు కొలమానం కావాలి. అన్నిటికంటె వెనుకబడిన వీధికి దక్కవలసినది అవమానం కాదు. అదనంగా ఒక చెత్త బండి, ఒక కాలువ, ఇద్దరు మనుషులు. ఓడినవారికి సాయం అందని పోటీ వల్ల ఉన్నవారు మరింత మెరుస్తారు. లేనివారు మరింత మాసిపోతారు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. పరిశుభ్రత పురస్కారాల సభలలో వేదిక మీద కనిపించేవారు నాయకులు, అధికారులు. తెల్లవారక ముందే వీధిలో చీపురు పట్టిన స్త్రీ ఆ సభలో వెనుకవరుసలోనైనా కనిపించదు. శతాబ్దాలుగా ఈ దేశం మురికిని ఎత్తే పనిని కొన్ని కులాల నెత్తిన పెట్టి, ఆ పని చేసినందుకే వారిని దూరంగా ఉంచింది. కోలారు బంగారు గనుల ప్రాంతంలో పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ ఈ అమానుషాన్ని రూపుమాపడానికి జీవితాన్ని అంకితం చేసి 2016లో రామన్ మెగసెసే పురస్కారం పొందాడు. చేతులతో మలాన్ని ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా మురుగు గుంటల్లో దిగి ఊపిరాడక మరణించేవారి వార్తలు నేటికీ వస్తూనే ఉన్నాయి. చేతికి తొడుగు, కాలికి బూటు, నెల తిరిగేసరికి జీతం, జబ్బు చేస్తే వైద్యం – ఇవి లేని ఊరు ఎంత మెరిసినా పోటీకి అర్హత పొందరాదు. ఇంటివద్దనే తడి, పొడి చెత్తలను వేరుచేయడం వెనుక ఉన్న నీతి కూడ ఇదే. గృహస్థు వేరుచేయని చెత్తను మరొక మనిషి వట్టిచేతులతో వేరుచేయవలసి వస్తుంది. పగిలిన గాజుముక్క, వాడిన సూది ఆ చేతికే గుచ్చుకుంటాయి.

ఇదంతా చిన్న ఊళ్లకు సాధ్యమా అన్న సందేహం కలగవచ్చు. నెల్లూరు సీమ చరిత్ర ఆ సందేహానికి సమాధానం చెబుతుంది. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ పెన్నా తీరాన పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించాడు. తన మలినాన్ని తానే శుభ్రం చేసుకోవడం స్వరాజ్యంలో భాగమని ఆయన తన ఆశ్రమాలలో ఆచరించి చూపాడు. ఏడు దశాబ్దాల తరువాత ఇదే జిల్లాలోని దూబగుంటలో అక్షరాలు దిద్దిన మహిళలు సారా అంగడిని మూయించారు. ఆ కెరటం రాష్ట్రమంతా వ్యాపించి 1993లో సారా నిషేధానికి దారితీసింది. ఆ ఉత్సాహం నుంచే రోజుకొక రూపాయి దాచే ‘పొదుపులక్ష్మి’ సంఘాలు ఊరూరా పుట్టాయి. ఆ మహిళల వెనుక అధికారం లేదు, ధనం లేదు. ఇది తమ ఇంటి సమస్య అన్న ఎరుక ఒక్కటే ఉంది. ఒక ఊరిలో గెలుపు చూసి పక్క ఊరు కదిలింది. పోటీ అన్న మాటకు ఇంతకంటె మంచి అర్థం దొరకదు.

ఈ పనిలో విద్యార్థుల పాత్ర చిన్నది కాదు. రసాయనశాస్త్రం చదివే విద్యార్థి ప్లాస్టిక్ ఎందుకు కుళ్లదో ఇరుగుపొరుగుకు వివరించగలడు. గణితం చదివే విద్యార్థిని తన వీధి నుంచి వారానికి ఎన్ని కిలోల చెత్త వెళుతున్నదో తూచి లెక్క కట్టగలదు. వృక్షశాస్త్ర విద్యార్థులు కళాశాల ఆవరణలో ఎరువు గుంట తవ్వి చూపగలరు. నెలకొకసారి చీపురు పట్టి ఫొటో దిగడం కంటె, తన ఇంట్లో రెండు బుట్టలు పెట్టించి ఏడాదిపాటు వాటిని కలవనీయకుండా కాపాడటం కష్టమైన పని. కష్టమైనది కాబట్టే అది నిజమైన సేవ. సంతకు వెళ్లే తండ్రి చేతికి గుడ్డసంచి అందించడం ఏ పాఠ్యప్రణాళికలోను లేకపోవచ్చు. కాని ఆ సంచి తెచ్చే మార్పు అనేక ఉపన్యాసాలు తేలేవు.

ముగ్గు వేసే ఇల్లాలికి శుభ్రత నేర్పవలసిన అవసరం లేదు. అది ఆమెకు తెలుసు. పక్కింటిని చూసి తన వాకిలిని మరింత తీర్చిదిద్దుకొనే గుణమూ ఆమెలో ఉంది. ఆమె గీసే హద్దు ఒక్కటే మారాలి. నేడు గడప ముందు ఆగిపోతున్న ఆ హద్దు వీధి చివరికి, చెరువుగట్టుకు, స్వర్ణముఖి సముద్రంలో కలిసే ఇసుకతిన్నెల వరకు జరగాలి. ఏ వీధి గెలిచిందన్నది ఆనాడు పెద్ద విషయం కాదు. కార్తిక మాసపు వానకు కాలువ పొంగకుండా పారిందా, వాన వెలిసిన పదిరోజులకు ఏ ఇంట్లోనైనా పసిబిడ్డకు జ్వరం వచ్చిందా అన్నవే లెక్కకు వస్తాయి. ఏ పోటీ ఫలితాన్నైనా తేల్చవలసిన న్యాయనిర్ణేతలు అవే.